నేను చదివి వినిపించని నాలుగు లైన్లు

ముప్పై ఏళ్లుగా పక్కవాళ్ల కష్టాలు రాసి బతుకుతున్నాను. జహీరాబాద్‌లో ఒక ఆఫీసు ప్రహరీగోడకు ఆనించి వేసిన రేకుల నీడ నాది. దాని కింద ఒక టేబుల్, రెండు బెంచీలు, ఒకప్పుడు టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు, ప్రింటరు. జనం నన్ను దరఖాస్తులు రాసే సారు అంటారు. గట్టు జరిపాడని, పింఛను ఆగిందని, కొడుకు కొట్టాడని, ఏ ఏడుపైనా నా టేబుల్ మీదికి వచ్చేసరికి ‘గౌరవనీయులైన’ అని మొదలై ‘ప్రార్థన’ అని ముగుస్తుంది. ఏ ఆఫీసు గోడ అని మాత్రం అడగకండి. ఇందులో ఏ స్టేషను పేరూ, గొడవ జరిగిన ఊరి పేరూ, ఏ మనిషి పేరూ రాయను. ఇదేదో పెద్దరికం అనుకునేరు, కాదు. భయం. ముందే చెప్పేస్తున్నాను, తిట్టుకోవాలనుకున్నవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టుకోవచ్చు.

నా దగ్గర ఒక పేరా ఉంది. ఏ గొడవ దరఖాస్తుకైనా చివర అదే పెడతాను. “ఈ విషయమై ఇరువర్గాల మధ్య ఘర్షణ జరిగి గ్రామంలో శాంతిభద్రతలకు భంగం కలిగే ప్రమాదం ఉన్నది. కావున ఇరువర్గాలను పిలిపించి తగు చర్య తీసుకోగలరని ప్రార్థన.” ప్రింటు తీస్తే నాలుగు లైన్లవుతుంది. నాకు ఈ పని నేర్పిన ముసలాయన దగ్గరినుంచి వచ్చిన ఆస్తి ఇది. ఒక మనిషికి భయంగా ఉందని రాస్తే ఆ కాగితం ఫైలు అడుగున పడుకుంటుంది, ఊరికి భయంగా ఉందని రాస్తే జీపు లేస్తుంది, అనేవాడాయన. నిజంగానే లేచేది. గట్టు తగాదాల్లో రెండు వైపులా ఎంతో కొంత తప్పు ఉండేది కాబట్టి, ఇద్దరినీ పిలిపించి నాలుగు తిట్టి పంపినా ఎవరికీ పెద్ద అన్యాయం జరిగేది కాదు. కంప్యూటరు కొన్నాక ఆ పేరాని విడిగా దాచుకున్నాను. ఒక్క నొక్కు నొక్కితే కాగితం కిందికొచ్చి కూర్చుంటుంది.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. సంతకం పెట్టించుకునే ముందు దరఖాస్తు మొత్తం పైకి చదివి వినిపిస్తాను. మా పనిలో పేరు వచ్చేది రాతలో కాదు, చదవడంలో. నేను చదువుతుంటే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్లు, మగవాళ్లు చాయ్ తెప్పించేవాళ్లు. అయితే ఆ చివరి పేరా మాత్రం చదవను. అది ఆఫీసు భాష, వీళ్లకెందుకులే అని వదిలేస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్కరు కూడా ఇంకా ఏమన్నా ఉందా అని అడగలేదు.

రెండేళ్ల కింద ఒకామె వచ్చింది. ఝరాసంగం వైపు ఊరు. షేర్ ఆటో దిగి, దుమ్ము దులుపుకుని, నేరుగా వచ్చి టేబుల్ ముందు నిలబడింది. యాభై ఏళ్లుంటాయి. రెండు చేతులకూ గాజులు, ఆకుపచ్చవీ ఎర్రవీ, మణికట్టు నుంచి జానెడు పైదాకా. ఆమె మాట్లాడుతుంటే ఆ గాజులు ముందు మాట్లాడేవి. వెనకాల ఆమె భర్త, మెడలో తువ్వాల, బెంచీ చివర అర పిరుదు మీద కూర్చున్నాడు. నీళ్లు లేని చెలక, జొన్న, కంది. అలాంటి మనుషులు నా దగ్గరికి రోజుకు పదిమంది వస్తారు. ఈమె మాత్రం ఏడవలేదు. నాకు చిరాకేసింది. ఏడ్చేవాళ్లయితే రాయడం సులువు.

జరిగింది ఇదీ. వాళ్ల ఊరి దగ్గర చిన్న జాతర జరుగుతుంది. జాతరలో ఒక డేరా, డేరాలో ఒక మైకు ఉంటుంది. తప్పిపోయిన పిల్లల సంగతి, పోయిన తాళంచెవుల సంగతి, అన్నదానానికి బియ్యం ఇచ్చినవాళ్ల సంగతి ఆ మైకులోనే చెప్తారు. ఎవరైనా పోయి చెప్పుకోవచ్చు. ఆ ఏడు ఆమెకు జనం తోపులాటలో ఒక పసిపిల్ల కాలి పట్టగొలుసు దొరికింది. అది దొరికిందని చెప్పడానికి డేరా దగ్గర వరుసలో నిలబడింది. ఆమె ముందు నిలబడినవాళ్లు అయిదుగురు, నెత్తికి జెండా రంగు గుడ్డలు కట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లు మైకు తీసుకుని, జాతరలో ఫలానా మతం వాళ్ల అంగళ్లలో ఎవరూ ఏమీ కొనొద్దనీ, కొన్నవాళ్ల సంగతి తర్వాత చూస్తామనీ చెప్పారు. ఆ జెండా రంగు ఏదో, ఆ అంగళ్ల మతం ఏదో నేను రాయను. ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు. వేరే ప్రాంతంలో ఈ రంగులు తారుమారవుతాయని కూడా తెలుసు.

వాళ్లు చెప్పి, నవ్వుకుంటూ, మైకు ఆమె చేతికిచ్చారు. వరుసలో తర్వాతిది ఆమే కదా. ఆమె ముందు పట్టగొలుసు సంగతి చెప్పింది. ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకపొమ్మంది. ఆ తర్వాత మైకు దించలేదు. ఆ మాటల్ని నా టేబుల్ ముందు ఏ హెచ్చుతగ్గూ లేకుండా మళ్లీ చెప్పింది.

“ఇంకొక మాట. నేను గాజులు ఆ అన్న దగ్గర్నే తొడుక్కుంట. నా పెండ్లికి ఆయన నాయిన తొడిగిండు, నా బిడ్డ పెండ్లికి ఆయన తొడిగిండు. వద్దనెటోడు వచ్చి నా చెయ్యి పట్టుకొమ్మను.”

ఎవరూ పట్టుకోలేదు. ఆమె నేరుగా పోయి, కొనొద్దన్న అంగళ్లలో ఉన్న ఆ గాజులాయన ముందు చెయ్యి చాపింది. ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు పోయారు, తర్వాత ఇరవైమంది. సాయంత్రానికి ఆయన పెట్టెలు ఖాళీ. ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో మా జహీరాబాద్ చాయ్ హోటళ్లలో కూడా తిరిగింది, నేనూ చూశాను. భలే మాట్లాడిందిరా ముసల్ది అనుకున్నాను. నా టేబుల్ దగ్గరికి వస్తుందని అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నుంచి ఫోన్లు. రోజూ ఇల్లు దాటేలోపు ఒకటి, చేను నుంచి వచ్చాక ఒకటి. కొత్త కొత్త నంబర్లు. అందరిదీ ఒకే మాట, గాజులంటే అంత ఇష్టమా, ఆ గాజులు పగలగొడతం, తయారుగుండు, అని. పెళ్లయిన ఆడదాని గాజులు పగలగొట్టడమంటే ఏమిటో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లు చంపుతామంటున్నది ఆమెను కాదు, అదిగో ఆ బెంచీ చివర కూర్చున్నాడే, ఆయన్ని. ఆయన చేనుకు పోతుంటే రెండు బైకులు వెంట వచ్చేవి. ఏమీ అనేవాళ్లు కాదు. గట్టు మీద బండ్లు ఆపుకుని, ఆయన పని చేస్తున్నంతసేపూ చూస్తూ కూర్చుని, వెళ్లిపోయేవాళ్లు. ఆయన చేతులు వణుకుతుండటం ఆ రోజే చూశాను. చేతుల్ని తువ్వాలలో దాచుకున్నాడు.

ఆమె అడిగింది ఒక్కటే. నేను మైకులో అన్న మాట తప్పయితే తప్పని చెప్పమను, తప్పు కాకపోతే మా ఆయన బతకాలె. ఈ రెండింట్లో ఏదో ఒకటి సర్కారు నోటితో వినాలి. అందుకు కాగితం కావాలి.

నాకు ఉత్సాహం వచ్చింది. దొంగ మాటలెందుకు, గట్టు తగాదాలు రాసి రాసి విసుగెత్తి ఉన్నాను. ఇది రాజ్యాంగం రాసుకోదగ్గ కేసు. మాట్లాడే హక్కు మనిషికి రాజ్యాంగమే ఇచ్చిందమ్మా అని ఆమెకు చెప్పాను. బెదిరించినవాణ్ని శిక్షించే సెక్షన్ కూడా ఉంది, అది వేరే చట్టంలో ఉంటుంది అని చెప్పాను. గొంతు సవరించుకుని మరీ చెప్పాను, పక్క బెంచీ వాళ్లకు కూడా వినబడేలా. ఆమె శ్రద్ధగా విని, ఒక ప్రశ్న వేసింది.

“రెండు వేరే వేరే పుస్తకాలల్ల ఉన్నయంటున్నవ్. ఒక పుస్తకమోళ్లకు ఇంకో పుస్తకం సంగతి తెలుస్తదా సారూ?”

నేను నవ్వాను. పల్లెటూరి ప్రశ్న అనుకున్నాను. ఇప్పుడు ఆ ప్రశ్న గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే మూడో పుస్తకం ఒకటుంది. ఏ తప్పూ చేయకపోయినా, ఫలానా మనిషి వల్ల శాంతికి భంగం కలగొచ్చు అనిపిస్తే చాలు, పిలిపించి, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకునే ఏర్పాటు అందులో ఉంది. బైండోవర్ అంటారు. రౌడీలకు, ఎన్నికలప్పుడు తాగుబోతులకు చేస్తుంటారు. అది నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా నా పేరా తట్టేది ఆ పుస్తకం తలుపే అని కూడా తెలుసు.

దరఖాస్తు బ్రహ్మాండంగా రాశాను. పట్టగొలుసు రాశాను, గాజులు రాశాను, బైకులు రాశాను, ఫోన్ నంబర్లన్నీ వరసగా రాశాను. మాట్లాడే హక్కు గురించి ఆరు లైన్లు. తర్వాత చెయ్యి దానంతటదే పోయి ఆ మీట నొక్కింది, పేరా వచ్చి కింద కూర్చుంది. ప్రింటు తీసి పైకి చదివాను. ఆయన తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం తలూపుతూ, ఎక్కడన్నా తన మాట మారిందేమో అన్నట్టు వింది. ఒకచోట ‘నమస్కరించి వ్రాయునది’ అంటే, నేను నమస్కారం పెట్టలేదు కద సారూ అని కూడా అంది. హక్కు దగ్గరికి వచ్చాక ఆపేశాను. ఆమెకు సంతకం వచ్చు, చదవడం రాదు. పేరు ఒక్కో అక్షరమూ కొట్టి కొట్టి రాసినట్టు రాసింది. ఒక జిరాక్సు తీసి ఆమెకే ఇచ్చాను. ఫికర్ చెయ్యకు చెల్లె, ఇగ నిన్నెవడూ ఏం చెయ్యలేడు అన్నాను.

స్టేషనులో ఏం జరిగిందో ఆమె తర్వాత వచ్చి చెప్పింది. అక్కడి అధికారి కాగితం పైపైన చదివి, ఎన్ని గాజులు పగిలినయ్ అని అడిగాడట. ఇంకా పగలలేదు సారూ అందట. మరి పగిలినంక రా అని పక్కవాళ్లతో కలిసి నవ్వాడట. తర్వాత కాగితం అడుగుదాకా చూసి, సరే, ఊళ్లె లొల్లి అయితదని నువ్వే రాసినవ్ కద, పిలిపిస్త, అన్నాడట. కేసు కట్టలేదు. ఆమె ఇది చెప్తూ, ఆఖరుకు ఒప్పుకున్నడు సారూ, నీ రాత మహిమ, అంది. ఊళ్లో లొల్లి అవుతుందని రాసింది ఆమె కాదు కదా.

వారం తిరక్కుండా, స్టేషనువాళ్లు పంపిన కాగితం మీద, తహసీల్దారు ఆఫీసునుంచి నోటీసు వచ్చింది. ఆమె దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టుకుని, పండక్కి పోతున్నట్టు నవ్వు ముఖంతో నా దగ్గరికి తెచ్చింది. సర్కారు జవాబిచ్చిందని ఆమె అనుకుంది. నేను చదివాను. మొదటి పార్టీ, ఆ అయిదుగురు. రెండో పార్టీ, ఆమె. శాంతికి భంగం కలిగించరాదని ఏడాది పాటు బాండు ఎందుకు తీసుకోకూడదో చెప్పుకోవాలి. దాని కింద, నా నాలుగు లైన్లు, ఒక్క అక్షరం మారకుండా. రెండో పార్టీ స్వయంగా ఇచ్చిన అర్జీ ప్రకారం, అని కూడా ఉంది. ఒక ఆడమనిషి, ఆమె గాజులు కలిపి ఒక వర్గం అయ్యాయి.

అప్పుడు చెప్పాల్సింది. తప్పు నాది అని, నీ కాగితంలో నీకు తెలియని మాట ఒకటి పెట్టాను అని. పోయి ఆఫీసరుకు చెప్దాం పద అని లేవాల్సింది. నేనేం చెప్పానో తెలుసా? ఇది మామూలే చెల్లె, రెండు దిక్కులా పిలుస్తరు, అన్నాను. నా టేబుల్‌కి ఉన్న పేరు పోతుందని భయం. అంతకన్నా నీచమైన కారణం ఇంకేదీ లేదు, ఉంటే రాసేవాణ్ని.

విచారణ రోజు నేను కూడా పోయాను, చూడ్డానికి. ఆ అయిదుగురూ వచ్చారు. వాళ్లకిది కొత్త కాదు. జామీనుదార్లను వెంటబెట్టుకుని, పొలం పాసుబుక్కులతో సహా వచ్చి, జోకులేసుకుంటూ సంతకాలు పెట్టేసి బయట నీడకు పోయి నిలబడ్డారు. పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చినంత తేలిగ్గా అయిపోయింది వాళ్ల పని. ఈమెకు జామీను ఎవరు? ఊళ్లో నలుగురిని అడిగిందట, నలుగురికీ ఆ రోజే పనులొచ్చాయి. ఆ గాజులాయన ఒక్కడే పాత మోపెడ్ మీద వచ్చాడు. నేనుంటా అన్నాడు. గుమస్తా పాసుబుక్కు అడిగాడు. ఆయనకు భూమి ఎక్కడిది? బయట నిలబడినవాళ్లు కిటికీలోంచి ఆయన్ని ఫోన్లో తీస్తున్నారు. ఆమె చూసింది. నువ్వు పో అన్నా, పోయి నీ అంగడి చూసుకో, అని ఆయన్ని బతిమాలి పంపేసింది.

జామీను ఉండగలిగేవాణ్ని నేను. నాకు ఇల్లుంది. గోడకు ఆనుకుని నిలబడి, చెప్పుకు అంటిన మట్టి రాలగొట్టుకున్నాను.

చివరికి ఆమె భర్తే తన పాసుబుక్కు తీసి ఇచ్చాడు. తహసీల్దారు చెడ్డవాడేం కాదు. అలసిపోయిన మనిషి. రెండు దిక్కుల సమానంగ చేసిన తల్లీ, ఎవరికీ అన్యాయం లేదు, అన్నాడు. ఏడాది వరకు సభల్లో, జాతరల్లో, మైకుల్లో వివాదానికి దారితీసే మాటలు మాట్లాడనని ఆమె సంతకం. మాట్లాడితే భర్త పాసుబుక్కు మీదికి వస్తుంది. అంటే, ఆమె నోటికి ఆయన చెలకను తాళంగా వేశారు. వాళ్లు ఫోన్లు చేసి, బైకులు తిప్పి చేయలేని పని సర్కారు ఒక పూటలో చేసిపెట్టింది. అదీ ఆమె అడిగిన రక్షణ. సంతకం పెట్టేటప్పుడు గాజులు టేబుల్‌కి తగిలి చప్పుడయ్యాయి. గుమస్తా, మెల్లగ అమ్మా, అన్నాడు.

బయటికొస్తుంటే ఆ అయిదుగురి నాయకుడు, ప్లాట్లు అమ్మే మనిషి, నలభై లోపే, ఇస్త్రీ చొక్కా, నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మంచిగ రాసినవ్ సారూ. ఆ ఆఖరి పేరా లేకపోతే మేమొక్కలమే ఇరుక్కుందుము. చాయ్ తాగుదాం రా.”

తాగాను. వద్దంటే ఏమవుతుందో అని తాగాను. చక్కెర ఎక్కువగా ఉంది, అయినా గ్లాసు ఖాళీ చేశాను.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. బైకులు ఆగిపోయాయి. అవసరం లేదు కదా. ఆమె సంతకం పెడుతున్న వీడియో మాత్రం తిరిగింది, కింద ‘మాఫీ అడిగింది’ అని రాసి. ఊరు నమ్మింది. వీడియోలో మాట లేదు, తల వంచిన మనిషి, పెన్ను, ఇంకేం కావాలి? ఆ చలికాలంలో ఆమె నా దగ్గరికొచ్చింది, అనపకాయల సంచితో. చిక్కుడు జాతి గింజకాయలు, చేను నుంచి అప్పుడే కోసినవి. మా ఆయన బతికున్నడంటే నీ కాగితమే సారూ, అంది. తీసుకున్నాను. మా ఆవిడ జొన్నరొట్టెల్లోకి కూర చేసింది. రుచిగా ఉందన్నాను. ఇంకో రెండు రొట్టెలు వేసుకున్నాను కూడా.

మరుసటి జాతరకు గాజులాయన రాలేదు. ఆయన అంగడి పెట్టే చోట పుచ్చకాయలవాడు కూర్చున్నాడట. ఆమె పోయిందట, డేరా ముందునుంచే నడిచిందట, ఎవరూ వచ్చి అడగని ఆ పట్టగొలుసు ఇంకా ఆమె కొంగు ముడిలోనే ఉందట. బాండు ఉంది కాబట్టి అది కూడా చెప్పలేకపోయింది. పసిపిల్ల పట్టగొలుసు వివాదానికి దారితీస్తుందో తీయదో ఆమెకు తెలియదు. నన్నడిగితే నాకూ తెలియదు.

బాండు గడువు ఎండాకాలంలో అయిపోయింది. ఆమె రాలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మర్చిపోయిందనుకున్నాను.

మొన్న వచ్చింది. ఇద్దరూ వచ్చారు. అనపకాయల సంచి నా టేబుల్ కాలికి ఆనించి పెట్టి, కవరు లోంచి మడతలు పడిన జిరాక్సు తీసింది. రెండేళ్ల కిందటి దరఖాస్తు.

“ఒక్కపారి కడదాక సదువు సారూ. మళ్ల ఇనబుద్ధయితుంది.”

చదివాను. గొంతు సవరించుకుని, పట్టగొలుసు, గాజులు, బైకులు, అన్నీ. రాజ్యాంగం దగ్గర గొంతు కొంచెం పెంచాను, అలవాటు. అయిపోయాక కాగితం మడిచాను.

ఆమె చెయ్యి చాపి కాగితం మళ్లీ విప్పింది. కొత్తగా కోడలొచ్చిందట, న్యాల్‌కల్ వైపు పిల్ల, డిగ్రీ చదివింది. పాసుబుక్కు కోసం పెట్టె వెతుకుతుంటే ఇది దొరికి, అత్తకు చదివి వినిపించిందట.

“నా కోడలు సదివినప్పుడు ఇంకొక నాలుగు లైన్లున్నయ్,” అంది.

నేను ప్రింటరు మీది దుమ్ము చూశాను. పక్క బెంచీ మీద పింఛనాయన ఇటే చూస్తున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి తిడితే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులున్నాయి.

“వాళ్లు నన్ను నోరు మూసుకోమన్నరు. వాళ్లు దుష్మన్లని నాకు తెలుసు. నువ్వు నా నోట్లెకెళ్లి మాట్లాడినవ్ సారూ. నాకు చెప్పకుంట.”

ఆఫీసు పద్ధతి అదేనని గొణిగాను. అందరికీ అలాగే రాస్తానన్నాను. అందరికీ అలాగే చేశానని చెప్తే తప్పు తగ్గుతుందన్నట్టు. అప్పుడు ఆమె భర్త నోరు విప్పాడు. రెండేళ్లలో ఆయన మాట నేను వినడం అదే మొదలు. ఈసారి ఆమెను తోలుకొచ్చింది నేనే అన్నాడు.

“ఏడాది నా చెలక పోతదని భయపడి ఇది మైకులనే కాదు సారూ, ఇంట్ల గూడ మాట్లాడలే. గా బైకులే నయముండె.”

చేతులు అప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి. తువ్వాలలో దాచుకోలేదు.

స్టేషనుకే కొత్త కాగితం రాయమంది ఆమె. తను చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువ లేకుండా. రాశాను. నేను మాఫీ అడగలేదు. ఆ వీడియో అబద్ధం. నాకు బెదిరింపు వచ్చింది, నా వల్ల ఎవరికీ రాలేదు, కాబట్టి మేము రెండు వర్గాలు కాదు. వచ్చే జాతరలో మైకు పట్టుకుని పట్టగొలుసు సంగతి చెప్తాను, గాజుల సంగతి కూడా చెప్తాను. గాజులాయనను రమ్మని కబురు పెట్టాను. ఆ రోజు నాకూ, నా భర్తకూ, ఆయనకూ ఏం జరిగినా ఫోన్లు చేసినవాళ్లది బాధ్యత, ముందే తెలిసి రాకపోతే మీది బాధ్యత. అంతే. ‘గౌరవనీయులైన’ ఒక్కటి ఉంచనిచ్చింది. ‘ప్రార్థన’ తీసెయ్యమంది.

ముప్పై ఏళ్లలో అంత మంచి దరఖాస్తు నా ప్రింటరులోంచి రాలేదు. కడదాకా చదివి వినిపించాను, నిజంగా కడదాకా. ఆమె సంతకం పెట్టింది. పెట్టి, కాగితాన్ని నా వైపు తిప్పింది. రాసినవాని పేరు కూడా కింద రాయమంది.

అలాంటి పద్ధతి లేదన్నాను. అబద్ధం. దస్తావేజుల కింద రాసినవాడి పేరు ఉండనే ఉంటుంది, అది ఆమెకూ తెలుసు, పొలం కాగితాల మీద చూసి ఉంటుంది. పెన్ను నా ముందే ఉంది. ఎదురుగా చాయ్ హోటల్ దగ్గర రెండు బైకులు ఆగి ఉన్నాయి. వాళ్లవో కాదో తెలియదు. మళ్లీ తల ఎత్తి చూసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

“ఇండ్ల నా పేరున్నది. నా పెనిమిటి పేరున్నది. ఆ అన్న పేరున్నది. బెదిరించినోళ్ల పేర్లున్నయ్. నీదొక్కటే లేదు.”

నేను కంప్యూటరులో ఏదో పని ఉన్నట్టు మీటలు నొక్కుతూ కూర్చున్నాను. ఆమె కాగితం కవర్లో పెట్టుకుంది. వంగి, నా టేబుల్ కాలి దగ్గరున్న అనపకాయల సంచి తీసి భుజాన వేసుకుంది. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను జాలిగా చూశాడు. ఆయన, నన్ను. ఇద్దరూ ఆటోల వైపు నడిచారు, గాజుల చప్పుడు రోడ్డు మలుపుదాకా వినబడింది.

జాతర ఇంకా పన్నెండు రోజులుంది. ఆమె ఆ పట్టగొలుసు పట్టుకుని డేరా దగ్గరికి పోతుంది, అది మాత్రం ఖాయం. పోలీసు వస్తాడో రాడో తెలియదు. ఆమె భర్త చెయ్యి ఆ సాయంత్రం వణుకుతూ అయినా ఉంటుందో ఉండదో తెలియదు. నేను పోను. ఆ రోజు కూడా టేబుల్ తీస్తాను. ఎవరైనా తగాదా పట్టుకుని వస్తే రాస్తాను. ఆ పేరా ఇంకా నా కంప్యూటరులోనే ఉంది. తీసేద్దామని మొన్న ఆమె వెళ్లాక తెరిచాను. తెరిచి, ఒక అక్షరం తప్పుంటే దిద్ది, మళ్లీ దాచాను.